లారీ మీద మా మామ బేస్ గిటార్

మామ పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను బస్సులో నిలబడి ఉన్నాను. "పొద్దుగాల చాయ్ అడిగిండు బిడ్డా. తెచ్చి సూస్తే కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, నమ్మకం కుదరలేదు. మా మామ కుర్చీలో కూర్చోవడమేమిటి? నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోగా చూడలేదు. అన్నం నిలబడే తినేవాడు, పేపరు గుమ్మానికి ఆనుకుని చదివేవాడు, టీవీ ముందు పచార్లు చేస్తూ వార్తలను తిట్టేవాడు. అలాంటి మనిషిని కూర్చోబెట్టడానికి చావు ఎంత బతిమాలిందో అనుకున్నాను. తర్వాత వచ్చింది ఏడుపు, బస్సులో అందరి ముందూ.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో స్థిరపడ్డాడు. పొట్టకూటికి సిటీ బస్సు నడిపేవాడు, మిగిలిన బతుకంతా బేస్ గిటార్ వాయించేవాడు. డ్యూటీ అంతా సీటుకు అతుక్కుని చేసే ఉద్యోగం కాబట్టి, దిగగానే కూర్చోవడం మీద పగబట్టాడని అత్త అనేది. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన బస్సు ఎక్కి ఇంజను పక్కన నిలబడేదాన్ని. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, స్టీరింగ్ మీద వేళ్లతో ఏదో ఒక తాళం మొదలయ్యేది. పచ్చలైటు పడినా తాళం ముగిసేదాకా బస్సు కదిలేది కాదు. వెనక నుంచి హారన్లు, లోపల నుంచి తిట్లు. "పాట నడిమిట్ల ఇడిసి పోతార్రా ఎవడన్నా" అని ఆయన తిరిగి తిట్టేవాడు.

దినం రోజున ఇల్లంతా చుట్టాలే. అందరూ ఆయన డ్రైవింగు గురించే చెప్పుకున్నారు. సర్వీసు మొత్తంలో ఎవరికీ డాష్ ఇవ్వలేదని, ముసలివాళ్లు చెయ్యెత్తితే స్టాపు లేకపోయినా ఆపేవాడని. నిజమే, అన్నీ నిజమే. గిటార్ మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. కూర్చోలేక బయటికి వచ్చి మెట్రో స్తంభాల కింద చౌరస్తా దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఆయన రక్తం నాలో ఉందని ఆ రోజు ఒప్పుకున్నాను. ఇది రాయడం కూడా ఒక రకంగా ఆ పచార్లే. వరుస అక్కడక్కడా తప్పితే చదివేవాళ్లు సర్దుకోవాలి.

బేస్ గిటార్‌కు నాలుగు లావాటి తీగలు ఉంటాయి. పాట కింద నేలలా పరుచుకునే శబ్దం దానిది. జనం గొంతు వింటారు, కీబోర్డు వింటారు, డోలక్ వింటారు. బేస్ ఆగిపోతే ఏదో తగ్గిందని మాత్రం తెలుస్తుంది, ఏం తగ్గిందో తెలియదు. "బేస్ అంటే బ్రేకసొంటిది బిడ్డా. ఉన్నన్ని దినాలు ఎవ్వరికి యాదికి రాదు" అనేవాడు మామ. నవ్వుతూనే అనేవాడు గానీ ఆ నవ్వులో ఉక్రోషం ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చెప్పుల దుకాణం మీది గదిలో పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. ఇరవై ఏళ్లు దానిలో వెనక వరుసలో నిలబడ్డాడు. ఏ పెళ్లి వీడియోలోనూ ఆయన మొహం లేదు. మోచెయ్యి ఉంటుంది.

ఆ గిటార్‌కు శబ్దం పెంచే పాత ఆంప్ ఒకటి ఉండేది. మూతపడిన ఏదో హోటల్లో డ్యాన్సు హాలు సామాన్లు అమ్ముతుంటే తెచ్చుకున్నాడు. దాని లోపల ఉన్నవి ఇప్పటి ట్రాన్సిస్టర్లు కావు, తాతల నాటి రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు. ఆన్ చేశాక అవి ఎర్రగా వేడెక్కాలి, అప్పుడు గానీ నోరు విప్పదు. పైన ఆంప్, కింద స్పీకరు బాక్సు. కదిలించాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి. ఇద్దరు మోయాలి, పిలిస్తే వెంటనే పలకదు, ఇంట్లో ఉన్న మంచి గది దానికే కావాలి. అందుకని అత్త దానికి దొర అని పేరు పెట్టింది. "దొర లేసిండా, ఇంక నిద్రల్నే ఉన్నడా?" అని వంటింట్లోంచి అడిగేది. మామ కొన్నాళ్లు కోపం నటించి, చివరికి తానూ అదే పేరుతో పిలిచాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న రోజుల్లో నేను డిగ్రీ చదువుతూ ఒక కళాబృందంలో పాడేదాన్ని. ధూంధాం అంటే చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లారీ పక్క తలుపులు దించితే అదే స్టేజి. దాని మీద వరుసగా డప్పులు, ఒక డోలక్, గజ్జెలు కట్టిన కాళ్లు, భుజాన గొంగళ్లు, రెండు మైకులు, లారీ నెత్తిన మైకు కొమ్ములు. ఎండలో మొదలుపెడితే పొద్దుగూకేదాకా గొంతు చించుకోవడమే. ఆ రోజుల్లో ఎవరికీ కాలు నిలిచేది కాదు. రేపు బంద్ ఉందా, కాలేజీ ఉందా, పరీక్ష జరుగుతుందా, ఏ చౌరస్తాలో రోడ్డు మూశారు, ఎవర్ని పట్టుకుపోయారు. ఇదే ధ్యాస.

అప్పుడే బస్సుల సమ్మె వచ్చింది. మామకు బస్సు లేదు, జీతం లేదు. డ్రైవర్లంతా రోడ్డు పక్కన టెంటు వేసుకుని దీక్షకు కూర్చున్నారు. మామ రెండు రోజులు వెళ్లి, మూడో రోజు తిరిగి వచ్చేశాడు. "ఉపాసముండుమంటె ఉంట. దినమంత కూసుండుమంటెనే నాతోని కాదు" అన్నాడు. ఇంట్లో ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి తిరిగాడు. అత్తకు కళ్లు తిరిగాయి. "గీయనను ఏడికన్న తీస్కపో బిడ్డా, నీకు పుణ్యముంటది" అని నాకు అప్పగించింది.

నేను తీసుకెళ్లి మా బృందం పెద్దకు చూపించాను. ఆయన్ని మేమంతా అన్న అనేవాళ్లం. డప్పు కొడితే ఆయనే కొట్టాలి. మంచి మనిషి, కానీ నాలుకకు మొహమాటం లేదు. గిటార్ వైపు చూసి, "ధూంధాంల గిటారేందే పెద్దమనిషి?" అన్నాడు.

"మీ డప్పు గుండెల కొడ్తది. నాది నడుము పడ్తది" అన్నాడు మామ.

ఆ మాట అన్నకు నచ్చింది. రెండు సభలకు లారీ ఎక్కించాడు. రెండింటిలోనూ మామ వాయించాడు, రెండింటిలోనూ వినపడలేదు. వేళ్లు కదులుతున్నాయి, తల ఊగుతోంది, చెమట కారుతోంది. పక్కనే నిలబడి పాడుతున్న నాకే ఒక్క స్వరం అందలేదు. డప్పులన్నీ ఒక్కసారిగా లేస్తే ఆకాశమే వినపడదు, ఆ పాత డబ్బా ఎంత? రెండో సభ అయ్యాక అన్న అందరి ముందూ అనేశాడు.

"డప్పులుండంగ నీ డబ్బా ఎవరికి వినబడ్తదే? లారీల సగం జాగ అదే తింటున్నది. పైకెల్లి దాని పేరు దొరనట. దొరలు పోవాలె అని పాడుకుంట దొరను మోస్కతిరుగుడేంది?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నవ్వు ఆగాక అన్న కొంచెం మెత్తబడ్డాడు. "వచ్చే ఐతారం మన చౌరస్తాల పెద్ద సభ ఉన్నది. గా ఒక్క దినం సూస్త. వినబడితే లారీ మీద నీ జాగ నీకుంటది. లేకుంటె దాన్ని ఇంట్ల పెట్టి జెండ పట్టుకో, కింద నిలబడు."

జెండా పట్టుకోవడం తక్కువ పనేమీ కాదు. ఆ రోజుల్లో జెండా పట్టుకుని దెబ్బలు తిన్నవాళ్లు ఎందరో. కానీ స్కూటర్ మీద ఇంటికి వస్తూ మామ ఒక్క మాట అన్నాడు, అది ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "పెండ్లిండ్ల ఇరవై ఏండ్లు ఎవ్వలు వినలే. పోనీ తీయ్, అది వాళ్ల పండుగ. గిది నాది గద బిడ్డా. గిండ్ల గుడ వినబడకపోతే నేనేడ వినబడాలె?" నేనేం చెప్పినా గాలికి ఎగిరిపోయేది, ఆయన స్కూటర్ కూడా బస్సులాగే నడిపేవాడు.

ఇక ఆ వారమంతా ఒకటే పరుగు. సోమవారం నుంచే నన్ను వెనక ఎక్కించుకుని ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు, అక్కడి నుంచి ఇటు తిప్పాడు. ముందు మైక్‌సెట్ అతని దగ్గరికి పోయాం. గిటార్ వైరు నేరుగా మైక్‌సెట్‌లో కలిపితే ఆ కొమ్ముల్లోంచే వస్తుంది కదా అని మామ ఆలోచన. అతను రెండు చేతులూ జోడించాడు. "కాకా, నా మిక్సర్‌ల ఉన్నయే నాలుగు రంధ్రాలు. రెండు పాటకు, ఒకటి డోలక్‌కు, ఒకటి లీడర్లకు. లీడర్ మైకు గుంజి నీ గిటారుకిస్తే నన్ను లారీకి కట్టేసి కొడ్తరు."

అంటే వచ్చే శబ్దమేదో ఆ ఆంప్ నుంచే రావాలి, స్టేజి మీదే పుట్టాలి. ఆర్కెస్ట్రా గదిలో ఇంకో పాత బాక్సు పడి ఉంటే తెచ్చి కలిపాడు. రెండు బాక్సులు పెడితే నిజంగానే శబ్దం పెరిగింది. సంబరంగా అన్నకు ఫోన్ చేస్తే, "రెండు డబ్బాలు పెడ్తే డప్పులోళ్లు ఏడ నిలబడాలె, నీ నెత్తి మీదనా?" అన్నాడు. బాక్సు తిరిగి చెప్పుల దుకాణం పైకి పోయింది. తర్వాత, ట్యూబులు ముసలివైపోయాయేమో, మారిస్తే గొంతు పెరుగుతుందేమో అని రిపేరు షాపుకు వెళ్లాం. కోచింగ్ సెంటర్ల సందులో ఉండేది ఆ షాపు, పుస్తకాల సంచులు వేసుకున్న పిల్లలను తోసుకుంటూ ఆంప్‌ను మోసుకుపోయాం. అతను మూత విప్పి, అన్నీ తట్టి చూసి, "ట్యూబులు మంచిగనే ఉన్నయి. ముసలోడు ఉరికేది గింతే, ఇంక ఉరకడు. కొత్తది కొనుక్కో" అన్నాడు. జీతం లేని నెలలో కొత్తది ఎక్కడిది? బయట నిలబడి చాయ్ తాగుతూ మామ "ముసలోడంట, ముసలోడంట" అని గొణిగాడు. ఆ మాట ఆంప్‌కు తగిలిందో తనకు తగిలిందో తేల్చుకోలేకపోయాడు పాపం.

మిగిలింది ఒకటే మార్గం. ఉన్న నాబులన్నీ చివరిదాకా తిప్పడం. మా వైపు ఆర్కెస్ట్రా వాళ్లకూ టెంట్‌హౌస్ వాళ్లకూ ఒక గట్టి నమ్మకం ఉంది: సౌండ్ అంటే గుండె అదరాలి. బరాత్‌లో బాక్సు ముందు నిలబడి ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూస్తారు. అదిరితే "సౌండున్నది" అంటారు, అదరకపోతే డబ్బులు కోస్తారు. మామ కూడా ఆ బడిలోనే చదివాడు. వాల్యూమ్ నాబ్ చివరిదాకా, బేస్ నాబ్ దానికంటే చివరిదాకా తిప్పాడు. ట్యూబులు ఎర్రగా కాలాయి, స్పీకరు పటపటా కొట్టుకుంది, కిటికీ ఊచలు గిలగిల్లాడాయి. గదిలో నిలబడలేకపోయాను. మామ ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఇగ వినబడ్తది" అన్నాడు. కానీ అంత హోరులో కూడా పాట ఎక్కడుందో నాకు దొరకలేదు.

రెండు రోజులు ఆ హోరు నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం పై అంతస్తు నుంచి ఓనరమ్మ దిగి వచ్చింది.

వాళ్లది గోదావరి వైపు. చాలా ఏళ్ల కిందటే ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మామకూ ఆమెకూ ఎప్పుడూ నీళ్ల ట్యాంకు దగ్గర చిన్నచిన్న కొట్లాటలు, పండగ రోజు గిన్నెలు మార్చుకోవడాలు ఉండేవి. ఉద్యమం మొదలయ్యాక కొట్లాటలు ఆగిపోయాయి. ఆ ఆగడమే నాకు దిగులనిపించేది. వాళ్ల మాటలో బెరుకు వచ్చింది, మా మాటలో బింకం వచ్చింది. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"డ్రైవరు గారూ, మా అలమరాలో గిన్నెలు నడుస్తున్నాయండీ. అడగాలో వద్దో కూడా తెలీక రెండ్రోజులు ఊరుకున్నాను. మమ్మల్ని పొమ్మనడానికేనా ఈ చప్పుడు?"

మామ చేతిలో గిటార్ జారినంత పనైంది. "నిన్నెవరు పొమ్మంటరక్కా? నీ ఇంట్ల కిరాయికున్నోన్ని నేను. నువ్వు పొమ్మంటె నేను పోవాలె."

"టీవీలో రోజూ అదేగా చూపిస్తున్నారు."

"టీవీల సూపెట్టేది లొల్లి. మేం నీళ్లు అడుగుతున్నం, కొలువులు అడుగుతున్నం. నీ గిన్నెలు మాకెందుకక్కా."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. లోపలికి వచ్చి దొర వైపు చూసింది. "సరే, వాయించుకోండి. కానీ ఏం పాట వాయిస్తున్నారో అదైనా చెప్పండి. గోడలు ఊగుతున్నాయి గానీ ఒక్క ముక్క తెలిసి చావట్లేదు. పొద్దున్నే మెట్ల మీద నిలబడి డబ్బా లేకుండా ఉత్తి తీగలు మీటుతారు చూడండి, అది మాత్రం నాకు తెలుస్తుంది. ఇవాళ పొద్దున్న మీ సభల్లో పాడే నీళ్లమ్మ పాటే కదా? అదే మధ్యాహ్నం డబ్బాలో పెట్టారు, నాకు ఇసుక లారీ వెళ్తున్నట్టు ఉంది."

మామ ఆగిపోయాడు. నిలబడినవాడు నిలబడినట్టే, వేళ్లు కూడా కదలకుండా. అత్త వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమైంది, గీయన గిట్ల ఆగిండేంది?" అని భయపడింది. అప్పుడు మామ దొర దగ్గరికి వెళ్లి, చివరిదాకా తిప్పి ఉన్న బేస్ నాబ్‌ను మెల్లగా వెనక్కి తిప్పాడు.

సంగతి తెలియనివాళ్లకు తేలిగ్గా చెబుతాను. బేస్ నాబ్ పెంచితే వచ్చే ఆ అడుగు గుడగుడను పుట్టించడానికే ఆంప్ బలమంతా ఖర్చయిపోతుంది. అది గోడలు దాటుతుంది, గిన్నెలు ఊపుతుంది, కానీ చెవికి దానిలో పాట దొరకదు. చెవి పట్టుకునేది తీగ మీద వేలు పడిన చోటును, ఆ మధ్య స్వరాన్ని. అడుగున తగ్గిస్తే ఆంప్‌కు ఊపిరి మిగులుతుంది. ఆ ఊపిరిని మధ్య స్వరాలకు వాడుకోవచ్చు. చెప్పుకుంటే ఇంతే. కానీ బేస్ వాయించేవాడు బేస్ తగ్గించుకోవడమంటే పప్పు వండేవాడు పప్పు తగ్గించుకోవడమే. ఆ ఆర్కెస్ట్రాలో ఎవరి బుర్రకూ అన్నేళ్లలో ఆ ఆలోచన తట్టలేదు. తట్టి ఉంటే అక్కడే ఉతికి ఆరేసేవారు.

వింటే నాకు నచ్చలేదు. సన్నగా, పొడిగా ఉంది. "ఇదేం సౌండ్ మామా, రేకు డబ్బా లెక్క" అన్నాను. "ఇంట్ల రేకు లెక్కనే ఉంటది. డప్పుల నడుమ సూడాలె" అన్నాడు గానీ ఆయన మొహంలో ధైర్యం లేదు. కాసేపటికి మళ్లీ పెంచాడు, మళ్లీ తగ్గించాడు. అప్పుడు మెట్ల దగ్గరికి పోయి పైకి కేక వేశాడు. "అక్కా, ఇప్పుడెట్లున్నది?"

"తెలుస్తోందండీ! నీళ్లమ్మే!"

"గిప్పుడు?"

"మళ్లీ లారీ!"

ఆ సాయంత్రమంతా ఇదే తంతు. నాబ్ ఇంత తిప్పడం, కింద నుంచి కేక, పైనుంచి జవాబు. మధ్యలో ఆమె గ్యాసు ఆపి వస్తానని వెళ్లేది, మామ గుమ్మంలో తచ్చాడేవాడు. ఉద్యమం గురించి వాళ్లిద్దరికీ ఆ తర్వాత కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. కానీ నీళ్ల ట్యాంకు కొట్లాట మర్నాడే మళ్లీ మొదలైంది. ఆ కేకలు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంకో పని కూడా చేశాడు. లారీ మీద బాక్సు నేలకు ఆని ఉంటుంది కాబట్టి దాని మాటంతా మా మోకాళ్లకే చేరేది. "మోకాళ్లకు చెవులుండయి బిడ్డా" అని, బాక్సు ముందు అంచు కింద రెండు ఇటుకలు, వాటి కింద జారకుండా గోనెసంచి పెట్టి, మొహం పైకెత్తేలా వాల్చాడు. అంతే. ఒక్క రూపాయి ఖర్చు లేదు. అయినా ఆదివారం పొద్దున "వినబడకపోతే?" అని నన్ను అడిగాడు, అత్తను అడిగాడు, పైకి పోయి ఓనరమ్మను కూడా అడిగాడు.

ఆదివారం సంగతి చెప్పే ముందు ఆ తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, చివర చెప్పబుద్ధి కాదు. రాష్ట్రం వచ్చింది. మామ రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగాయి, అయినా కూర్చోలేదు. ఆ చౌరస్తా ఇప్పుడు పోల్చుకోలేనంతగా మారిపోయింది, పైన వంతెన, పక్కన మెట్రో. నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. తరగతిలో పిల్లల గోల మించి అరవబోయిన ప్రతిసారీ మామ మాట గుర్తొచ్చి ఆగుతాను: "గొంతు పెంచుడు అందరికొస్తది. ఏడ తగ్గించాలెనో ఎతుకు." ఆ ఒక్క మాటతో ఇన్నేళ్లు నా గొంతు చెడకుండా బతికింది. నాకు పాట నేర్పినవాళ్లు వేరే ఉన్నారు. పాటలో చోటు వెతుక్కోవడం నేర్పింది మాత్రం ఆయనే. ఆ రుణం దినం రోజున ఇంట్లో చుట్టాల మధ్య కూర్చుని ఎలా చెప్పుకోవాలో నాకు తెలియలేదు. ఓనరమ్మ మాత్రం అత్త పక్కన కూర్చుని, "ఇక పొద్దున్నే మెట్ల మీద ఎవరు వాయిస్తారండీ" అని ఏడ్చింది. గిటార్ మాట ఎవరూ ఎత్తలేదన్నాను కదా, ఆమె ఎత్తింది. నేను బయట పచార్లు చేస్తూ వినలేదు, అత్త తర్వాత చెప్పింది.

సరే, ఆదివారం. చౌరస్తాకు నాలుగు వైపులా జనం. విజయవాడ రోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. దొరను ఇద్దరు ఎత్తి మా లారీ మీద క్యాబిన్ పక్కన పెట్టారు. మామ ఇటుకలు సర్ది, ఆంప్ ముందుగానే ఆన్ చేసి, దాని చుట్టూ తిరుగుతున్నాడు. "మనిషిని సూస్తెనే నాకు గాబరైతున్నది, జర ఒక్కకాడ నిలబడే" అని అన్న కసురుకున్నాడు.

మొదటి పాటకు డప్పులు లేచాయి. ఎప్పటిలాగే ఆకాశం వినపడలేదు. నేను మైకు అందుకుని మొదటి చరణంలోకి వెళ్లాను, అప్పుడు నా ఎడమ భుజం వెనక నుంచి ఒక స్వరం వచ్చి తగిలింది. సన్నగా లేదు. రేకులా లేదు. డప్పు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందులోంచి, ఎవరినీ తోసుకోకుండా, నడుచుకుంటూ వస్తోంది. ఇంట్లో నాకు రేకులా వినపడింది ఇదేనా అని వెనక్కి తిరిగి చూశాను. చివరన ఉన్న డప్పు అతను అప్పటికే మామ వైపు తిరిగి, ఆ తీగతో కలిసి అడుగు వేస్తున్నాడు. నాకు చరణం మర్చిపోయేంత ఆనందమైంది.

కానీ అన్న తిరగలేదు. ఆయన చూపు జనం మీదే ఉంది. పాట పాటకూ మామ కళ్లతో నన్ను అడుగుతున్నాడు, వినబడుతోందా అని. నేను తలూపుతున్నాను. అయినా ఆయనకు కావలసింది నా తల కాదు. రెండో పాట, నాలుగో పాట, ఉపన్యాసాలు, మళ్లీ పాటలు. అన్న ఒక్క మాటా అనలేదు. పొద్దు వాలుతోంది, మామ మొహం కూడా వాలుతోంది. అన్న మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

ఆఖరుది నీళ్లమ్మ పాట. చివరి చరణంలో డప్పులు ఆగాలి, అది ఏడుపు చరణం. నా గొంతూ, మామ తీగా మిగిలాం. "ఏ తొవ్వల ఒస్తవే నీళ్లమ్మా, మా ఊరి తొవ్వ మరిసిపోతివా" అని ఎత్తుకుని సగం దాకా వెళ్లేసరికి కరెంటు పోయింది. నా మైకు చచ్చింది, కొమ్ములు మూగవయ్యాయి, అప్పుడే వెలిగించిన లైట్లు ఆరిపోయాయి. అంత సభా ఒక్కసారిగా బోసిపోయింది.

మామ ఆంప్ మాత్రం ఆగలేదు. ట్యూబులు కరెంటు పోగానే చల్లారవు. లోపల నిల్వ ఉన్నదంతా అయిపోయేదాకా కొన్ని క్షణాలు పలుకుతూనే ఉంటాయి. ఆ క్షణాల్లో చౌరస్తా మొత్తం మీద వినపడింది అదొక్కటే, మా మామ తీగ. నేను ఎక్కడ ఆగానో అక్కడి నుంచి ఆ చరణాన్ని తీసుకుని నడుస్తోంది.

సభలో కరెంటు పోతే డప్పులు వెంటనే అందుకోవాలి, లేకపోతే జనం చెదిరిపోతారు. అది మా పద్ధతి. డప్పుల వాళ్లు పుల్లలు ఎత్తారు. అన్న గిర్రున వెనక్కి తిరిగి రెండు చేతులూ అడ్డం చాచాడు.

"ఆగుండ్రి. గాయనది కానీయుండ్రి."

ఎత్తిన పుల్లలు ఎత్తినట్టే ఆగాయి. తీగ గొంతు సన్నబడుతోంది, గరగరలాడుతోంది, అయినా స్వరం తప్పలేదు. కింద జనంలో ఎవరో ఆడమనిషి మిగిలిన సగం చరణం అందుకుంది. పక్కామె అందుకుంది. తర్వాత ఎంతమంది అందుకున్నారో తెలియదు. ఈ లోపల ఆంప్ పూర్తిగా మూగబోయింది. మామ మాత్రం ఆపలేదు. చప్పుడు లేని ఆ నాలుగు తీగల మీద ఆయన వేళ్లు నడుస్తూనే ఉన్నాయి, లారీ ముందు నిలబడ్డవాళ్లు మసక వెలుతురులో ఆ వేళ్లనే చూస్తూ పాడుతున్నారు.